మంచం కోడు తగిలిన చోట

చెల్లీ, అర్ధరాత్రి నీళ్ళకని లేచి, చీకట్లో మంచం కోడుకి కాలు కొట్టుకున్నావా ఎప్పుడైనా? మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు. ప్రాణం జివ్వున లేచిపోతుంది. పిల్లలు లేస్తారని నోరు నొక్కుకుని, కుంటుకుంటూ ఫ్రిజ్ దాకా వెళ్ళని ఆడది మన తెలుగిళ్ళలో ఉండదనుకుంటా. ఆ ఎముక సంగతే ఇవాళ్టి ముచ్చట.

ఇప్పుడే ఒకసారి బొటనవేలితో తడిమి చూడు. వెనక పిక్క మెత్తగా, కండపట్టి ఉందా? ముందుకి రా. చర్మం, దాని కిందే ఎముక. మధ్యలో అడ్డుకోవడానికి చారెడు కండ కూడా లేదు. ఎముకని అంటుకుని ఒక పల్చటి పొర, దాన్నిండా నరాలు. ఆ జివ్వుమనడం వాటి పనే. అలాగే కిందికి జారుతూ పో, లోపలివైపు చీలమండ గుబ్బ తగులుతుంది. అది వేరే ఎముకని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట, దీని చివరే! బయటివైపు గుబ్బ మాత్రం పక్కనుండే సన్నటి ఎముకది. లావుదాన్ని డాక్టర్లు టిబియా అంటారు, సన్నదాన్ని ఫిబ్యులా. బళ్ళో అంతర్జంఘిక అని చదువుకున్నాం గానీ, పరీక్షయ్యాక ఆ మాట ఎవరి నోటా వినలేదు. తొడ ఎముక తర్వాత ఒంట్లో అంత పొడవైనది ఇదే. మోకాలి నుంచి దిగే బరువులో ముప్పాతిక పైగా దీని మీదే పడుతుంది. పక్కది పేరుకి తోడు, ఆరో వంతు మోస్తే గొప్ప. (మా ఇంట్లోనూ అంతే అంటావేమో, నేనేం అనలేదు.)

ఇంతకీ నాకీ జ్ఞానం ఎలా అబ్బిందనుకున్నావు? హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో మన గచ్చిబౌలి స్టేడియంలోనే కదా ముగుస్తుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నలుగురు పేర్లిచ్చారు, ఐదో పేరు నాది. లిఫ్టు నుంచి క్యాబు, క్యాబు నుంచి కుర్చీ, మళ్ళీ క్యాబు, ఇదీ నా వ్యాయామం అప్పటిదాకా. కొత్త బూట్లు కొన్నాను. కాలికి బలపం కట్టుకున్నట్టు రోజూ తెల్లవారుజామున సిమెంటు రోడ్ల మీద పరుగే పరుగు. మూడో వారానికి పిక్క పక్కన, ఎముక లోపలి అంచు పొడుగునా ఒకటే లాగడం. జండూబామ్ రాసుకుని మళ్ళీ పరిగెత్తాను. మెట్లు దిగలేనప్పుడు గానీ ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోలేదు.

ఆ అమ్మాయి మిషన్లేవీ పెట్టలేదు. బొటనవేలితో జానెడు మేర నొక్కుకుంటూ వచ్చి, "ఒక్కచోట పొడుస్తోందా అక్కా, పొడుగునా సలుపుతోందా?" అని అడిగింది. పొడుగునా అన్నాను. "అయితే షిన్ స్ప్లింట్స్. రూపాయి బిళ్ళంత చోట పొడిచి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే ఎముక చీలిందేమోనని భయపడాలి. మొదట్లో అది ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తుంది," అంది.

తర్వాత చెప్పిందే నాకు బాగా నచ్చింది. ఎముక మీద కొత్త బరువు పడితే అది ముందు పాతదాన్ని తవ్వుతుందట, ఆ తర్వాతే కొత్తది పోస్తుందట. తవ్వడం గబగబా అయిపోతుంది, పోయడానికి నెలలు. మన గచ్చిబౌలి రోడ్లే అనుకో! తవ్వి, ఇంకా పూడ్చని మూడో నాలుగో వారంలో నాలాంటి మహాతల్లులు ఇంకో కిలోమీటరు పెంచుతారు.

కొత్తవాళ్ళకే ఈ తిప్పలనుకోకు. ఇక్కడి గోపీచంద్ అకాడమీలో ఎదిగిన మన బ్యాడ్మింటన్ తార పి.వి. సింధుకి 2015లో ఎడమ పాదంలో ఇలాంటి చీలికే వచ్చింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో నొప్పితోనే ఆడి బంగారం తెచ్చింది. ఎడమ చీలమండలో చీలిక బయటపడి ఆ నెల్లోనే జరిగిన ప్రపంచ పోటీలు వదులుకుంది. మళ్ళీ కోర్టులోకి దిగింది 2023 జనవరిలో. ఆమెకే ఐదు నెలలు పట్టింది, నేను ఐదు రోజులు ఆగలేకపోయాను.

మా గేటు ఎదురు సందులో జొన్నరొట్టెలు చేసే అక్క ఒకామె ఉంది. కుంటుతూ వెళ్ళి ముక్కాలిపీట మీద కూలబడితే, "ఏమైంది బిడ్డా?" అంది. చెప్పాను. రొట్టె తిప్పేసి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాగి తన కాళ్ళు చూపించింది. మోకాళ్ళు రెండూ ఒరుసుకుంటున్నాయి, కింద పాదాలు మాత్రం ఎడంగా. "మా మర్రిగూడ దిక్కు నీళ్ళు గట్లుండె. నీకేమో ఉరికితే నొప్పి, మాకు నీళ్ళు తాగితే నొప్పి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్రిగూడ ఉన్న నల్గొండ జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి మనకి తెలిసిందే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. అక్కడి నీళ్ళలో చాలాచోట్ల అంతకన్నా బాగా ఎక్కువే ఉండేది. 1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే ఇద్దరు ఈ లోపలికి వంగిన మోకాళ్ళ గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. వెన్నెముక గట్టిపడిపోతుంటే, కాళ్ళ ఎముకలు మాత్రం గుల్లబారుతున్నాయని చెప్పారు. కృష్ణా నీళ్ళు ఆ ఊళ్ళకి చేరడానికి దశాబ్దాలు పట్టింది. చేరాక మాత్రం వంగిన ఎముక తిన్నగా అవుతుందా? నీళ్ళు రావడం మనవలకి మేలు, ఆ రొట్టెల అక్కకి కాదు.

ఆ రోజు నుంచి నా నొప్పి గురించి గట్టిగా మూలగడానికి సిగ్గేస్తోంది. నొప్పి మాత్రం సిగ్గుపడి పోలేదులే! ఆరు వారాలు పరుగు బంద్. తర్వాత స్టేడియంలో మెత్తటి ట్రాక్ మీద వారానికి మూడు రోజులు, నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. పొద్దున్నే రాగిజావ. అద్దాల బిల్డింగులో పొద్దంతా ఏసీలో కూర్చునేదాన్ని కదా, విటమిన్ డి పరీక్ష చేయిస్తే డాక్టరమ్మ కాగితం చూసి, "ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయింది?" అంది. ఇప్పుడు లంచ్ టైములో పది నిమిషాలు బయట తిరుగుతున్నా. సెక్యూరిటీ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనీ.

ఆగస్టులో పరిగెత్తలేదు. స్టేడియం గేటు దగ్గర అరటిపళ్ళు పంచి, మా గ్రూపు నలుగురికీ చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాను. వచ్చీ రాగానే అమ్మ ఇచ్చిన టేకు మంచం కోళ్ళకి పాత నేత చీర చింపి, నాలుగు మడతలు వేసి చుట్టేశాను. మా ఆయన చూసి, మంచానికి కట్టు కట్టావేంటి అన్నాడు.