వరి కొయ్యలకు నిప్పు కాదు, బూజు పెట్టండి

నడిగూడెం, మునగాల, కోదాడ మండలాల్లో సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం కోతలు అయిపోవస్తున్నాయి. హార్వెస్టర్ దాటిన మడిలో కొయ్యకాళ్లు, వరసగా పడ్డ గడ్డి మిగులుతున్నాయి. యాసంగి దమ్ము తొందరలో చాలామంది అగ్గిపుల్ల గీసేస్తున్నారు. ఆ మంటతో గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలిపాలవుతుంది.

గడ్డిని కుళ్లబెట్టే పని ట్రైకోడెర్మా జాతి శిలీంద్రాలకు బాగా తెలుసు. వాటి ఆకలి బయటపడింది నూలుబట్ట వల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, బట్టలు చివికిపోతుంటే కారణం వెతికారు. అక్కడ దొరికిన ఒక బూజుకు తర్వాత ఎల్విన్ రీస్ అనే శాస్త్రవేత్త పేరిట ట్రైకోడెర్మా రీసీ అని పేరుపెట్టారు. జీన్స్ బట్టను మెత్తబరచడానికీ, గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికీ దాని ఎంజైములే వాడుతున్నారు. నడిగూడెంలో పత్తి రకాలపై ప్రయోగాలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్న పింగళి వెంకయ్యకు ఈ కథ చెబితే ఆసక్తిగా వినేవారేమో!

శిలీంద్రానికి నోరుండదు. సన్నటి పోగులతో గడ్డిపరక మీద పాకుతూ సెల్యులేజ్ ఎంజైములను బయటికి వదులుతుంది. అవి పీచును చక్కెరగా విడగొట్టాక పీల్చుకుంటుంది. దీనికి తేమ కావాలి, గాలీ కావాలి. నిండా నీరు కట్టిన మడిలో ఇది సరిగా పనిచేయదు.

దుకాణాల్లో దొరికేది ఎక్కువగా ట్రైకోడెర్మా విరిడి. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల పొడి కలిపి, నీడలో గోనెసంచులు కప్పి, రోజూ నీళ్లు చిలకరించాలి. వారం పది రోజుల్లో తెల్లగా, ఆపై పచ్చగా బూజు కమ్ముతుంది. అప్పుడు చేలో గడ్డి కుప్పలను చెదరగొట్టి, సాయంత్రం పూట ఈ ఎరువు చల్లి, పదును ఉండగానే రోటవేటర్‌తో కలియదున్నాలి.

నాట్లకు కనీసం మూడు వారాలు గడువు ఇవ్వండి. కుళ్లని గడ్డి మీద నాటితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులే నత్రజనిని లాగేసుకుంటాయి, పైరు పసుపెక్కుతుంది. మూడు రోజుల్లో గడ్డి మాయమవుతుందనే ప్రకటనలు నమ్మొద్దు. పాముపొడ తెగులు తీవ్రంగా సోకిన చేలో మాత్రం గడ్డిని కలియదున్నకుండా బయటికి తీసేయడమే మేలు.

కార్బెండజిమ్ లాంటి శిలీంద్రనాశినులతో ట్రైకోడెర్మాను కలపకండి, ఖర్చు దండగ. పొడి కొనేముందు ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. సందేహముంటే గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.