పటము విడిచి వచ్చినవారు

గోడను వ్రేలాడు పటములోని మనిషి రాత్రివేళ అందఱు నిద్రించిన తరువాత క్రిందికి దిగి నడచునేమో యని తలపని పిల్లలుండరు. భాగవతమున చిత్రరేఖ రాజకుమారుల రూపములు వ్రాసి చూపగా ఉషాకన్య తన కలలోని వానిని గుర్తించెను. అచ్చట పటము మనిషిని చూపినదే గాని తానే మనిషి కాలేదు. ఈ పాఠమున చెప్పబోవు రెండు ఫ్రెంచి చిత్రములలో పటములోని రూపములే ప్రాణము పోసికొని చట్రము దాటి బయటికి వచ్చును. రెండును బొమ్మల చలనచిత్రములు. మొదటిది 1980లో ముగిసినది, రెండవది 2011లో వెలువడినది. వాని కథ యెంత ముఖ్యమో, చూచినవారు వానినిగూర్చి యేమనుకొనిరి, చూచి యేమి చేసిరి అనునదియు అంత ముఖ్యము. మొదటి చిత్రమును చూచిన ఒక విద్యార్థి జీవితము దానివలననే వేఱు దారి పట్టినది.

మొదట కథ వినుడు. ఆ చిత్రము పేరు 'రాజు, పక్షి'. దానికి మూలము డెన్మార్కు రచయిత ఆండర్సన్ 1845లో వ్రాసిన చిన్న కథ. ఆ కథలో గొఱ్ఱెలకాపరి పిల్లయు, పొగగొట్టములు తుడుచు పిల్లవాడును బల్లమీది పింగాణి బొమ్మలు. పాల్ గ్రిమో అను చిత్రకారుడును, జాక్ ప్రేవేర్ అను కవియు కలిసి ఆ పింగాణి బొమ్మలను పటములుగా మార్చిరి. గొప్ప కోటలో రాజుగారి రహస్యమందిరమున ఆ యిద్దఱి పటములు ప్రక్కప్రక్కన వ్రేలాడుచుండును. వారు ఒకరినొకరు ప్రేమింతురు. అదే గదిలో రాజు పటము కూడ నున్నది.

రాజునకు మెల్లకన్ను. ఆస్థాన చిత్రకారుడు ఉన్నదున్నట్లు మెల్లకన్నుతోనే పటము వ్రాసెను. అందఱియెదుట రాజు వానికి బహుమానమిచ్చి, మఱుక్షణమున కాలిక్రింది తలుపు తెఱపించి పాతాళమునకు త్రోయించెను. తరువాత ఒంటరిగా నున్నప్పుడు కుంచె పట్టి పటములోని కన్నులను తానే సరిదిద్దుకొనెను. ఆ రాత్రి పటములన్నియు మేలుకొనును. కన్నులు సరియైన పటపు రాజు దిగివచ్చి, మెల్లకన్ను గల నిజమైన రాజును అదే తలుపుగుండ త్రోసివేసి, సింహాసనమెక్కి, పాఱిపోయిన ప్రేమికులను తఱుముటకు భటులను పంపును. నకలు అసలును మ్రింగివేసిన తరువాత దేశమున ఎవ్వరికిని తేడా తెలియదు! నా యెఱుకలో ఇంతకంటె పదునైన హాస్యము బొమ్మల చిత్రములలో అరుదు. తక్కిన కథలో ఒక గడుసుపక్షి యున్నది. రాజు వేటలో దాని యాలిని చంపియున్నాడు. కోట క్రింద సూర్యుని చూడని జనులుండు పాతాళనగరము, ఇనుప రాక్షసుని వంటి మహాయంత్రము కూడ నున్నవి.

ఈ చిత్రమునకు వచ్చిన కష్టము కథలోని కష్టమునకు తీసిపోదు. బొమ్మల చిత్రము తీయుట యెంత ఆలస్యమైన పనియో మీరెఱుగుదురా? తెఱమీద ఒక్క క్షణము కదలికకు ఇరువదినాలుగు చిత్రములు నడువవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత మొదలైన ఈ పని ఏండ్లతరబడి సాగి, ధనమెల్ల వ్యయమైనది. 1950 ప్రాంతమున భాగస్వాములు విడిపోయిరి. గ్రిమో చేతినుండి చిత్రము పోయెను. ముగియని ఆ చిత్రమును, గ్రిమో ప్రేవేర్ల సమ్మతి లేకయే, ఇతరులు అతుకులు వేసి బయటపెట్టిరి. 1952లో వెనీసు ఉత్సవమున దానికి బహుమానము వచ్చెను. అయినను చేసినవారిద్దఱు అది తమది కాదని చాటిరి.

అతుకుల చిత్రమే దేశదేశములకు పోయెను. జపానులో దానికి 'మెల్లకన్ను నిరంకుశుడు' అని పేరు పెట్టి 1955లో ప్రదర్శించిరి. టోకియో విశ్వవిద్యాలయమున ఫ్రెంచి సాహిత్యము చదువుచున్న తకహాత ఇసావో అను యువకుడు దానిని చూచెను. బొమ్మలతో ఇట్టి రాజ్యమును, ఇట్టి అన్యాయమును, ఇట్టి హాస్యమును చూపవచ్చునా యని ఆశ్చర్యపడెను. తనను ఈ కళవైపు త్రిప్పినది ఆ చిత్రమే యని ఆయన తరువాత పలుమార్లు చెప్పుకొనెను. 1959లో పట్టము పుచ్చుకొని, సాహిత్యము బోధించు ఉద్యోగము వెదకుకొనక, బొమ్మల చిత్రములు తీయు సంస్థలో చేరెను. 1985లో మియజాకి హయావోతో కూడి జీబ్లీ సంస్థను స్థాపించినది ఆయనయే. యుద్ధకాలపు అనాథలైన అన్నాచెల్లెండ్ర కథను 1988లో చిత్రముగా తీసినదియు ఆయనయే. ఆయన బొమ్మలు గీయువాడు కాడు, నిర్దేశకుడు మాత్రమే. ప్రేవేర్ కవితలను జపాను భాషలోనికి తెచ్చెను. మెల్లకన్ను రాజు చిత్రమునుగూర్చి ఒక పుస్తకమే వ్రాసెను. అభిమానమనగా గోడకు బొమ్మ అంటించుకొనుట యొక్కటే కాదని ఆయన చరిత్ర చూచినవారికి తెలియును. ఒక చిత్రము నచ్చినచో దాని భాష నేర్చుకొనుట, దాని కవిని చదువుట, అది యెట్లు చేయబడినదో విప్పి చూచుట కూడ అభిమానమే. మియజాకి చిత్రములలో ఎత్తైన కోటలు, కాలిక్రింద తెఱచుకొను తలుపులు వచ్చినపుడెల్ల ఫ్రెంచి రాజును తలచుకొను ప్రేక్షకులు నేటికిని ఉన్నారు.

గ్రిమో ఊరకుండలేదు. 1967లో చిత్రముపై హక్కులు మఱల సంపాదించి, ప్రేవేరుతో కూర్చుండి కథను తిరుగ వ్రాసెను. కొన్ని దృశ్యములు తొలగించి, కొన్ని క్రొత్తగా గీయించెను. 1977లో ప్రేవేర్ మరణించెను. చిత్రము 1980లో వెలువడినది. మొదటి ప్రదర్శననాడు గ్రిమో తన ప్రక్క ఆసనమును మిత్రుని కొఱకు ఖాళీగా నుంచెనందురు.

ఇప్పుడు ప్రేక్షకులలో రెండు పక్షములేర్పడినవి. పాత చిత్రమును చిన్ననాట చూచినవారిలో కొందఱికి కొత్తదానిలో తమకు ప్రియమైన తునుకలు కనబడలేదు. కోస్మా కూర్చిన పాత సంగీతమునకు అలవాటుపడిన చెవులకు కీలార్ సంగీతము మొదట పరాయిగా తోచినది. మఱికొందఱు, చేసినవాడు ఇది నాది యన్న రూపమే అసలైన రూపమని వాదించిరి. నేను రెండవ పక్షమువాడను. కారణము చివరి దృశ్యము. కోట కూలిన తరువాత ఆ మహాయంత్రము ఒంటరిగా శిథిలములమీద కూర్చుండి ఆలోచించుచుండును. తన వ్రేలితో చిన్న పంజరపు తలుపు తెఱచి పిట్టపిల్లను విడిచి, ఖాళీ పంజరమును పిడికిటితో పొడిచేయును. మాట యొక్కటియు లేదు. అయినను చిన్ననాడు చూచిన చిత్రము మాయమైనదని బాధపడినవారిది ఉత్త మూర్ఖత్వమని కొట్టివేయరాదు. ప్రేక్షకునికి తాను చూచినదానిపై హక్కు లేదా? ఆలోచింపదగినదే.

రెండవ చిత్రమునకు వత్తము. 1939లో పుట్టిన జాన్ ఫ్రాన్స్వా లాగియోనీ అను వాడు గ్రిమో ప్రోత్సాహముతో ఈ కళలోనికి వచ్చినవాడు. మొదట ఆయన మన తోలుబొమ్మలవలె అతుకులు గల కాగితపు బొమ్మలను కత్తిరించి, రంగులు పూసి, కొంచెము కొంచెము కదలించి చిత్రములు తీసెను. 1978లో ఆయన చిన్న చిత్రమునకు కాన్ ఉత్సవమున మొదటి బహుమానము లభించెను. 2011లో గణనయంత్రముల సాయముతో తీసిన పెద్ద చిత్రము పేరు 'లె తబ్లో'. ఆ మాటకు ఫ్రెంచిలో చిత్రపటమని యర్థము. బడిలోని నల్లబల్లను కూడ ఆ మాటతోనే పిలుతురు. కథ కూర్చినది ఆనిక్ లె రే. నిడివి సుమారు గంటంబావు.

ఒక చిత్రకారుడు కోట, తోట, అడవి గల పటమును వ్రాయుచు మధ్యలో విడిచిపోయెను. అందలి మనుష్యులు మూడు జాతులైరి. పూర్తిగా రంగులు పడినవారు కోటలోనుండి ఏలుచుందురు. ఎక్కడనో కొంత రంగు కొఱవడినవారు కోట వెలుపల నుందురు. ఉత్త గీతలుగా మిగిలినవారిని వేటాడుదురు, హింసింతురు. చిత్రకారుడిక రాడు, కావున మేమే యజమానులమని పైవారి నాయకుడు ప్రకటించును. ఆ పైవారిలోని రామో అను యువకుడు ముఖమున రంగు పడని క్లేర్ అను పిల్లను ప్రేమించును. అతడును, రంగు కొఱవడిన లోలా అను చుఱుకైన పిల్లయు, గీతలబొమ్మయైన ప్లూమును కలిసి చిత్రకారుని వెదకుటకై అడవి దాటి, పటము చట్రము దాటి, దుమ్ముపట్టిన చిత్రశాలలోనికి దిగుదురు. అచ్చట వేఱు పటములు కలవు. ఒకదానిలో రెండు సైన్యములు పోరుచుండును. అందుండి విసిగిన పిల్లవాడొకడు వీరితో కలియును. ఒకదానిలో వెనీసు ఉత్సవము. రంగుల గొట్టములు దొరకును. కొఱతగలవారు తమ రంగులు తామే పూసికొందురు.

ఈ చిత్రమున పేర్లను గమనింపుడు. పైవారు 'తూపాఁ'లు, ఫ్రెంచి చెవికి 'పూర్తిగా రంగు వేయబడినవారు' అని వినబడును. రెండవవారు 'పఫీనీ'లు, అనగా 'ముగియనివారు'. మూడవవారు 'రెఫ్'లు, చిత్తుగీతకు చిత్రకారులు వాడు మాట అందు ధ్వనించును. ప్లూమ్ అనగా ఈక; వ్రాయు కలము కూడ. గీతలవానికి తగిన పేరు! సైన్యమునుండి వచ్చిన పిల్లవాని పేరు మాజెంతా, ఒక రంగు. మఱియొక పటములోని స్త్రీ పేరు గారాన్స్, అనగా మంజిష్ఠ. ఆంగ్లమున ప్రదర్శించినపుడు మూడు జాతులకును అదే చమత్కారముతో క్రొత్త పేర్లు పెట్టిరి. అక్షరమునకు అక్షరము మార్చిన పని కాదది.

తెలుగున నేమందుము? నేనైతే మొదటివారిని 'నిండువారు' అందును. రెండవవారికి 'అరకొఱవారు' అను మాట సిద్ధముగా నున్నది. దానిలో ఎత్తిపొడుపు కూడ నున్నది. మూడవవారు 'చిత్తువారు'. చిత్తు అనగా తుడిచి వ్రాయదగిన మొదటి ప్రతి; చిత్తగుట యనగా ఓడిపోవుట. ఫ్రెంచి మాటలో లేని ఈ రెండవ యర్థము మన భాష ఉచితముగా ఇచ్చినది. ఒక్క సంగతి మఱువరాదు: ఈ మూడు పేర్లును పైనుండి చూచువాని నోట పుట్టిన పేర్లే. ఎవడును తనను తాను అరకొఱవాడనని పిలుచుకొనడు.

2011లో ఫ్రాన్సునందును, 2013లో అమెరికాయందును చూచినవారి తీర్పులు ఒక్క తీరున లేవు. రంగులనుగూర్చి మాత్రము భేదము తక్కువ. మతీస్, బొనార్, మొదిల్యానీ మున్నగు ఇరువదియవ శతాబ్దారంభపు చిత్రకారులు తలపునకు వత్తురని పలువురు మెచ్చుకొనిరి. కథనుగూర్చి కొందఱు, నీతి మఱీ ఎదుటనే నిలిచి చేయి ఊపుచున్నదనిరి. కొందఱు దీనిని ధనికదరిద్రుల కథగా చదివిరి, కొందఱు దేవుడును సృష్టియును గల కథగా చదివిరి. మన దేశమున చూచువారికి కులము తలపునకు వచ్చుట సహజము. గీతలవాడు నీళ్లు ముట్టుకొన్నచో పైవాడేమి చేయునో మనకెవ్వరును వివరింపనక్కఱలేదు.

నాకు చిక్కైన ప్రశ్న వేఱు. అరకొఱవారు రంగులు పూసికొన్నారు, సరే. అయితే సమానత్వమనగా నిండువారివలె కనబడుటయేనా? గీతలుగానే యుండి గౌరవము పొందరాదా? ఈ యాక్షేపణలో బలమున్నది. దానికి చిత్రము పక్షమున చెప్పదగిన మాటయు ఒకటి కలదు: వారు నిండువారి రంగులను అరువు తెచ్చుకొనలేదు, తమకు నచ్చిన రంగులను తామే యెన్నుకొనిరి. ఇంట తెలుగు, అంగట మఱొక భాష, పరీక్షలో ఆంగ్లము మాటలాడు మన పిల్లలను మూడుచోట్లను మూడువిధముల అరకొఱవారని పిలుచువారున్నారు గనుక, ఈ తగవులో మన తరగతివారు ఇతరులకంటె గట్టిగా మాటలాడగలరు.

తలిదండ్రులకు ఒక మాట. 'లె తబ్లో'లో చిత్రశాలయందు వివస్త్రయైన స్త్రీ పటము కలదు. అమెరికాలో కొందఱు తలిదండ్రులకు అది నచ్చలేదు. ప్రాతకాలపు పాశ్చాత్య చిత్రశాలలలో అట్టివి సాధారణములు. గీతలబొమ్మను హింసించు దృశ్యమే చిన్నపిల్లలకు అంతకంటె కష్టముగా నుండును. ప్రక్కన కూర్చుండి చూచుట మేలు. చూచిన తరువాత కథను ఇంటిభాషలో చెప్పుమనుడు. పేర్లవద్ద పిల్లవాడు ఆగి మాట వెదకుకొనుచుండగా తొందరపడి అందింపకుడు.

చివర లోలా ఒక్కతె చిత్రశాల దాటి ఆరుబయట నున్న ముదుసలి చిత్రకారుని కలిసికొని ప్రశ్నించును. ఆమె ప్రశ్నలు ఆయనతో ఆగునవి కావు. మీరే అచ్చట నుండిన యెడల ఆయనను మొదట ఏమి అడుగుదురు? తొమ్మిదవ, పదవ తరగతులవారు పది వాక్యములకు మించకుండ వ్రాసి తెలుగు పంతులుగారికి ఇయ్యవలెను. చిన్న తరగతులవారు ఆ మూడు జాతులకు మూడు తెలుగు పేర్లు పెట్టవలెను. నేను పెట్టినవి కాక, వేఱువి.