మినియేచర్ గుర్రాల పోషణలో శాల వసతి, ఆరుబయటి విడుపు: నిర్ణయానికి శాస్త్రీయ ఆధారాలు

సారాంశం

మినియేచర్ గుర్రాలను ఎప్పుడు శాలలో కట్టివేయాలి, ఎప్పుడు ఆరుబయట వదలాలి అన్న ప్రశ్నకు ఉష్ణోగ్రత ఒక్కటే సమాధానం కాదు. గాలి, తడి, బొచ్చు స్థితి, శరీర పుష్టి, వయస్సు, చూలు, మేతలోని చక్కెరలు, శాలలోని గాలి నాణ్యత కలిసి ఈ నిర్ణయాన్ని నిర్దేశిస్తాయి. ఆరోగ్యవంతమైన వయోజన గుర్రానికి ఆశ్రయం అందుబాటులో ఉన్న ఆరుబయలే సాధారణ నివాసమనీ, శాల ప్రత్యేక అవసరాలకు వాడవలసిన సాధనమనీ ఈ వ్యాసం వివరిస్తుంది. శీతల దేశాల అనుభవంతో పాటు, తెలుగు ప్రాంతాల ఎండకూ వానకూ ఈ సూత్రాలను అన్వయించే విధానం కూడా ఇందులో చర్చించబడింది.

ఉపోద్ఘాతం

మినియేచర్ గుర్రం ఒక ప్రత్యేక జీవజాతి కాదు. ఎత్తు ప్రాతిపదికగా పొట్టివాటిని ఎంపిక చేస్తూ తరతరాలుగా వృద్ధి చేసిన గుర్రమే ఇది. 1978లో ఏర్పడిన అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం, జూలు చివరి వెంట్రుకల వద్ద కొలిచినపుడు వయోజన గుర్రం ఎత్తు 34 అంగుళాలకు మించరాదు. షెట్లాండ్ పోనీ రక్తం ఈ జంతువులలో గణనీయంగా ఉంది. అందువలన చలిని తట్టుకొనే దట్టమైన బొచ్చు, కొద్ది మేతతో కొవ్వు కూడబెట్టే గుణం రెండూ వీటికి సంక్రమించాయి. మొదటి గుణం ఆరుబయటి జీవనానికి అనుకూలం. రెండవ గుణం అదే ఆరుబయట, పచ్చిక సమృద్ధిగా ఉన్నచోట, ప్రాణాంతకం కాగలదు.

జంతువు చిన్నది కనుక సున్నితమైనదని యజమానులు భావించడం పరిపాటి. చలివేస్తుందన్న జాలితో తలుపులు బిగించి, కిటికీలు మూసి ఉంచిన శాలలలో దగ్గుతో బాధపడే గుర్రాలు ఈ భావనకు మూల్యం చెల్లిస్తున్నాయి. మనిషికి హాయిగా తోచే స్థితి గుర్రానికి హాయి కాకపోవచ్చునన్నది విద్యార్థి మొదట గ్రహించవలసిన విషయం.

శరీర పరిమాణం, ఉష్ణ సమతుల్యత

శరీర ఉపరితలం బరువు యొక్క మూడింట రెండు వంతుల ఘాతానికి అనుపాతంలో మారుతుంది. 500 కిలోల గుర్రంతో 100 కిలోల మినియేచర్ గుర్రాన్ని పోల్చినపుడు, కిలో బరువుకు ఉండే ఉపరితలం చిన్నదానిలో సుమారు 1.7 రెట్లు అధికం. ఆ మేరకు ఉష్ణ నష్టం వేగంగా జరిగే అవకాశం ఉంది. దట్టమైన బొచ్చు, చర్మం క్రింది కొవ్వు, పొట్టి కాళ్లు ఈ లోపాన్ని వయోజన జంతువులో చాలావరకు భర్తీ చేస్తాయి. నవజాత పిల్లలో ఈ రక్షణ ఉండదు. సుమారు 10 కిలోల మినియేచర్ పిల్లకు, 50 కిలోల సాధారణ గుర్రపు పిల్లకు మధ్య కూడా నిష్పత్తి అదే 1.7. కానీ మినియేచర్ పిల్ల వద్ద కొవ్వు నిల్వ అత్యల్పం. కాబట్టి వయోజన గుర్రానికి వర్తించే నియమాన్ని పిల్లకు వర్తింపజేయరాదు.

దేహతాపాన్ని నిలుపుకొనడానికి అదనపు శక్తి అవసరమయ్యే హద్దును దిగువ సంధి ఉష్ణోగ్రత అంటారు. మితమైన వాతావరణానికి అలవాటుపడిన వయోజన గుర్రాలలో ఇది సుమారు 5 డిగ్రీల సెల్సియస్. తీవ్రమైన చలికి క్రమంగా అలవాటుపడి, పూర్తి చలికాలపు బొచ్చు పెంచుకొన్న గుర్రాలలో ఇది సున్నాకు 15 డిగ్రీల దిగువ వరకు ఉంటుంది. ఈ అంకెలు పెద్ద గుర్రాలపై కొలిచినవి. మినియేచర్ గుర్రాల విషయంలో వీటిని మార్గదర్శకాలుగానే స్వీకరించి, జంతువు ప్రవర్తనతో సరిచూసుకోవాలి.

ఈ హద్దు దిగువన ప్రతి డిగ్రీకి నిర్వహణ శక్తి అవసరం సుమారు 2.5 శాతం పెరుగుతుంది. హద్దుకు 8 డిగ్రీలు దిగువన ఉన్న రాత్రి, రోజుకు 1.8 కిలోల ఎండుగడ్డి తినే గుర్రానికి 20 శాతం, అనగా సుమారు 360 గ్రాములు, అదనంగా ఇవ్వాలి. ఈ అదనపు మేత దాణా రూపంలో కాక ఎండుగడ్డి రూపంలో ఉండడం మేలు. పీచుపదార్థం పెద్దప్రేగులో సూక్ష్మజీవుల చర్యకు లోనైనపుడు వెలువడే వేడి దేహానికి లోపలి నుండి ఉపకరిస్తుంది.

గాలి, తడి

పొడిగా ఉన్న బొచ్చు చలిలో నిక్కబొడుచుకొని వెంట్రుకల మధ్య గాలిని నిలుపుతుంది. వీపుపై కురిసిన మంచు కరగకుండా నిలవడం ఉష్ణ నిరోధం బాగా పనిచేస్తున్నదనడానికి సూచన. చర్మం వరకు తడిసిన బొచ్చు ఈ శక్తిని చాలావరకు కోల్పోతుంది. అందుకే పొడి వాతావరణంలో సున్నాకు దిగువన నిశ్చింతగా నిలిచిన గుర్రమే, 10 డిగ్రీల వద్ద గాలివానలో వణుకవచ్చు.

గుర్రాలు ఈ తేడాను స్వయంగా గుర్తిస్తాయి. నార్వే శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 23 గుర్రాలకు మూడు గుర్తుల ఫలకాలను చూపి, దుప్పటి కప్పమని, తీయమని, ఉన్నట్లే ఉంచమని తెలుపడం నేర్పారు. 14 రోజులలోపు అన్నీ ఆ విద్యను నేర్చుకొన్నాయి. వాన, గాలి, చలి కలిసిన రోజున అవి దుప్పటిని కోరాయి. వాతావరణం అనుకూలంగా ఉన్న రోజున వద్దన్నాయి. ఎంచుకొనే వీలు కల్పించినపుడు జంతువు తన అవసరాన్ని తెలుపగలదన్నది దీని సారం. ఆరుబయలులో మూడువైపులా గోడలున్న పాకను నిర్మించడం ఆ వీలును కల్పించడమే. తెరచిన వైపు తరచుగా వీచే గాలికి వ్యతిరేక దిశలో ఉండాలి. మందలోని బలమైన గుర్రం ద్వారాన్ని అడ్డగించి బలహీనమైన దానిని వానలో నిలబెట్టకుండా పాక తగినంత వెడల్పుగా ఉండాలి.

శాల వలన కలిగే నష్టాలు

మూత్రంలోని యూరియా విచ్ఛిన్నమై వెలువడే అమోనియా పడక సమీపంలో అధికంగా ఉంటుంది. మినియేచర్ గుర్రం ముక్కు పెద్ద గుర్రం ముక్కు కన్నా పడకకు ఎంతో చేరువ. నిలబడి శాలను పరిశీలించే మనిషికి సోకని ఘాటు దానికి నిత్యం సోకుతుంది. కావున పరిశీలకుడు మోకాళ్లపై కూర్చొని గాలి పీల్చి చూడడం సరియైన పద్ధతి. ఎండుగడ్డి దుమ్ము, బూజు బీజాలు దీనికి తోడైనపుడు శ్వాసనాళాల దీర్ఘకాలిక వాపు, అనగా ఈక్వైన్ ఆస్త్మా, సంభవిస్తుంది.

కదలిక తగ్గినపుడు పెద్దప్రేగు చలనం కూడా తగ్గుతుంది. చలికాలంలో నీరు తక్కువ త్రాగడం దీనికి తోడైతే లద్దె గట్టిపడి ప్రేగు మూసుకొనిపోయే శూలకు దారితీస్తుంది. ఒంటరితనం, పనిలేమి వలన కొయ్యను కొరకడం, అదేపనిగా అటూఇటూ ఊగడం వంటి అసహజ అలవాట్లు ఏర్పడుతాయి. పెద్ద గుర్రాలకై నిర్మించిన శాలలో తలుపు పైభాగం తెరచి ఉన్నా మినియేచర్ గుర్రానికి బయట ఏమీ కనిపించదు. దానికది నాలుగు గోడల చెరయే. తలుపు ఎత్తు తగ్గించడం, నీటి తొట్టిని దానికి అందేలా అమర్చడం చిన్న మార్పులే అయినా ఫలితం పెద్దది.

ఆరుబయలు వలన కలిగే నష్టాలు

పచ్చికలోని చక్కెరలు సూర్యరశ్మితో పెరిగి, రాత్రివేళ మొక్క పెరుగుదలకు ఖర్చవుతాయి. కాబట్టి ఎండ కాసిన సాయంకాలం ఇవి అధికంగా, తెల్లవారుజామున అల్పంగా ఉంటాయి. అయితే మంచు గడ్డకట్టే రాత్రులలో మొక్క పెరుగుదల నిలిచిపోతుంది కనుక మరునాటి ఉదయం కూడా చక్కెరలు తగ్గవు. స్థూలకాయం గల మినియేచర్ గుర్రాలలో ఈ చక్కెరలు ఇన్సులిన్‌ను విపరీతంగా పెంచి లామినైటిస్‌కు, అనగా గిట్ట లోపలి పొరల వ్యాధికి, కారణమవుతాయి. మేపు సమయాన్ని కొద్ది గంటలకు కుదించినంత మాత్రాన రక్షణ లభించదు. పోనీలు ఆ కొద్దిసేపటిలోనే వేగంగా మేయడం నేర్చుకొంటాయి. పచ్చిక లేని ఆవరణ, మూతికి మేత తగ్గించే చిక్కము, తూచి ఇచ్చిన ఎండుగడ్డి దీనికి మేలైన మార్గాలు.

ఊరకుక్కల దాడి, పెద్ద గుర్రాల తన్నులు, వెడల్పైన కంచె సందులు ఇతర ప్రమాదాలు. పెద్ద గుర్రాలకు సరిపోయే కంచె మినియేచర్ పిల్లను లోపల నిలుపలేదు, కుక్కను బయట నిలుపలేదు.

శరీర పుష్టి పరీక్ష

చలికాలపు బొచ్చు క్రింద చిక్కిన గుర్రం కూడా బొద్దుగానే కనిపిస్తుంది. చూపుపై ఆధారపడక, వారానికొకసారి చేతివేళ్లతో పక్కటెముకలను, వెన్నును, తోక మొదలును తడిమి చూడాలి. 1983లో హెన్నెకె, సహచరులు రూపొందించిన 1 నుండి 9 వరకు గల కొలబద్దలో 5 మధ్యస్థ స్థితి. లావుగా ఉన్నదని మేతను ఒక్కసారిగా ఆపడం అత్యంత ప్రమాదకరం. మినియేచర్ గుర్రాలు, పోనీలు, గాడిదలలో ఆకలి కారణంగా కొవ్వు రక్తంలోకి వెల్లువెత్తి, హైపర్‌లిపీమియా అనే ప్రాణాంతక స్థితి ఏర్పడుతుంది. చూలుతో ఉన్నవి, పాలిచ్చేవి మరింత సులభంగా దీనికి లోనవుతాయి. చలిలోనైనా ఎండలోనైనా మేత ముట్టని మినియేచర్ గుర్రాన్ని మరునాటి వరకు చూద్దామని విడిచిపెట్టరాదు. అది ఆ రోజే పశువైద్యునికి చూపవలసిన అత్యవసర లక్షణం.

తెలుగు ప్రాంతాలకు అన్వయం

ఇక్కడ నిర్ణయాన్ని శాసించేది చలి కాదు. ఎండ, ఉక్క, ఈగలు, బురద. ఫారన్‌హీట్ ఉష్ణోగ్రతకు గాలిలోని తేమ శాతాన్ని కలిపి చూడడం అశ్వ పోషకులు వాడే ఒక సులభ సూచిక. మొత్తం 150 దాటితే చెమట ద్వారా చల్లబడడం కష్టమవుతుంది. 180 దాటితే ప్రమాదం. కోస్తాలో 35 డిగ్రీల సెల్సియస్, అనగా 95 ఫారన్‌హీట్, 70 శాతం తేమ ఉన్నపుడు మొత్తం 165. రాయలసీమలో 40 డిగ్రీలు, అనగా 104 ఫారన్‌హీట్, 25 శాతం తేమ ఉన్నపుడు మొత్తం 129 మాత్రమే. అంతమాత్రాన రెండవది సురక్షితమని భావించరాదు. ఈ సూచికలో సూర్యరశ్మి తాపం లెక్కకు రాదు. పొడి వేడిలో చెమట త్వరగా ఆరిపోవుటచే నీరు, ఉప్పు ఎంత నష్టపోయినదీ కంటికి కనిపించదు.

మధ్యాహ్నం రేకుల కప్పు గల మూసిన గది చెట్టునీడ కన్నా వేడిగా ఉంటుంది. ఆ వేళ వేప, చింత వంటి చెట్ల నీడ, గాలి ఆడే పాక శ్రేయస్కరం. కంచె వెంట గన్నేరు ఉండరాదు. దాని ఆకులు కొద్ది మోతాదులోనే గుర్రాన్ని చంపగలవు. వానకాలంలో జోరీగలు సర్రా వ్యాధి పరాన్నజీవిని వ్యాపింపజేస్తాయి. ఇవి పగటివేళ కుట్టేవి కాగా, క్యూలికాయిడ్స్ జాతి సూక్ష్మ దోమలు సంధ్యాసమయాలలో విజృంభిస్తాయి. ఈగల తాకిడి ఎక్కువగా ఉన్న వేళలలో దోమతెర, పంకా ఉన్న శాల నిజంగా ఉపయోగపడుతుంది. నల్లరేగడి బురదలో నిరంతరం నిలిచే గుర్రాలకు గిట్ట అడుగుభాగం కుళ్లుతుంది కనుక, ఆవరణలో కొంత భాగమైనా గులకరాళ్లు లేదా ఇసుకతో ఎత్తు చేయాలి.

అభ్యాసానికి మూడు సందర్భాలు

మొదటిది: పళ్లు అరిగి, పుష్టి 3కు తగ్గిన ముసలి ఆడగుర్రం, 8 డిగ్రీల వద్ద గాలివాన. దీనిని శాలలోనికి తేవాలి, తువాలుతో తుడిచి ఆరబెట్టాలి, నమలడానికి వీలుగా నానబెట్టిన మేత ఇవ్వాలి. తడి బొచ్చుపై దుప్పటి కప్పి వదలడం సరికాదు. వాన వెలిసి ఒళ్లు ఆరిన పిదప తిరిగి బయటకు విడువవచ్చు.

రెండవది: పుష్టి 8 గల విత్తుకొట్టిన మగగుర్రం, సున్నాకు 8 డిగ్రీల దిగువన పొడి చలి, పూర్తి బొచ్చు. దీనికి శాల అవసరం లేదు. పాక, గడ్డకట్టని నీరు, తోడు ఉంటే చాలును. దీనికి అసలు ముప్పు వసంతంలో వచ్చే లేతపచ్చిక.

మూడవది: నెలలు నిండిన ఆడగుర్రం. మినియేచర్ గుర్రాలలో పిల్ల తల పరిమాణం, జననమార్గం ఇరుకుదనం వలన ఈత కష్టమయ్యే అవకాశం అధికం. ఈతలో ఆలస్యం నిమిషాలలో పిల్లను బలిగొంటుంది. కావున పగలు ఆవరణలో తిరుగనిచ్చి, రాత్రి కనిపెట్టి చూడడానికి వీలైన పొడి శాలలో ఉంచాలి. ఇక్కడ శాల ప్రయోజనం వెచ్చదనం కాదు, పర్యవేక్షణ.

ఉపసంహారం

విస్తరణ శాస్త్రవేత్త యజమానికి ఒక ఉష్ణోగ్రతను చెప్పి విరమించరాదు. జంతువు తడిసినదా, గాలి వీస్తున్నదా, పుష్టి ఎంత, మేత తింటున్నదా, శాలలో పడక ఎత్తున గాలి శుభ్రంగా ఉన్నదా అన్న ప్రశ్నలను ఆ వరుసలో అడగడం నేర్పాలి. వణుకు, తోక గాలికి త్రిప్పి ముడుచుకొని నిలవడం, ఎండలో వేగంగా ఎగశ్వాస తీయడం, మేతను వదలడం జంతువు ఇచ్చే సమాధానాలు. ఏ వసతిని ఎంచుకొన్నా, ఆ సమాధానాలు మారిన రోజున నిర్ణయం కూడా మారాలి.