రాజును ఎన్నుకొనుట



ఇతర జాతులవలె తమకూ ఒక రాజు కావాలని యిస్రాయేలీయులు పట్టుబట్టారు. రాజు వస్తే మీ కుమారులను, పొలాలను తీసికొంటాడని సమూవేలు హెచ్చరించినా ఎవరూ చెవిని పెట్టలేదు (1 సమూ 8). దొరికిన సౌలు గుంపులో నిలబడితే అందరికంటే తలయెత్తు పొడవరి. చూడగానే జనం జేజేలు కొట్టారు. తరువాతి కథ మీకు తెలిసినదే. దేవుడు హృదయాన్ని చూస్తాడని 16వ అధ్యాయం బోధిస్తుంది. కాని అక్కడే దావీదు కూడా అందగాడని వ్రాసి ఉన్నది! అంటే అందం దోషం కాదు. అర్హత కూడా కాదు.

నందమూరి తారక రామారావు 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరిలో అధికారానికి వచ్చారు. తెరమీద రాముడు, కృష్ణుడు గనుక గెలిచారని చాలామంది అంటారు. అది సగం నిజం. 1978 నుండి ఆ ఎన్నికల వరకు రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. తెలుగువారి ఆత్మగౌరవం, కిలో 2 రూపాయల బియ్యం అనే మాటలు పేదవాని గుండెకు తగిలాయి. ముఖం జనాన్ని చైతన్యరథం వద్దకు రప్పించింది, బియ్యం పోలింగు కేంద్రానికి నడిపించింది. ముఖమే చాలునంటే 1989లో అదే ముఖం కల్వకుర్తిలో ఎందుకు ఓడింది?

1994లో ఆయన మళ్లీ గెలిచినపుడు మద్యనిషేధం పెద్ద వాగ్దానం. దాని వెనుక ఉన్నది సినిమా తార కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకొంటూ సారా దుకాణాన్ని ప్రశ్నించిన కూలి స్త్రీలు. వారి ఫోటోలు ఏ గోడకూ ఎక్కలేదు. అయినా ఎన్నికల అజెండా వ్రాసినది వారే.

తరువాతి ఉదాహరణలూ ఇంతే. 2009లో చిరంజీవిగారి పార్టీకి 294 స్థానాలలో 18 వచ్చాయి, ఆయనే పాలకొల్లులో ఓడిపోయారు. పవన్ కల్యాణ్‌గారు 2019లో పోటీచేసిన రెండుచోట్లా ఓడి, 2024లో పొత్తుతో తమ పార్టీ నిలబడిన 21 స్థానాలూ గెలిపించుకొన్నారు. ముఖం మారలేదు, పరిస్థితి మారినది.

గుహ గోడమీది నీడలనే నిజమనుకొనే బందీల గురించి ప్లేటో చెప్పాడు. సెమినరీలో చదివినపుడు నాకు మన టూరింగు టాకీసు గుర్తుకువచ్చేది!

ఏ పార్టీ పేరూ నేను చెప్పను, గురువుకు అది తగదు. అయితే సర్వజన హితం కోరి ఓటు వేయుట పౌరుని హక్కు, బాధ్యత అని రెండవ వాటికన్ మహాసభ బోధించినది. కనుక ఒక్క సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని సవరించారు. దళిత క్రైస్తవులకు సవరించలేదు. మన విచారణలలో ఎన్నో కుటుంబాల పిల్లల చదువు, ఉద్యోగం దీనితో ముడిపడి ఉన్నాయి. ప్రచారానికి తారలు వచ్చినపుడు మన యువకులు ఎగబడి ఫోటోలు దిగడం చూశాను. ఈ ఉత్తర్వు సంగతి అడిగినవారిని మాత్రం ఇంతవరకు చూడలేదు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో 1 సమూవేలు 8, 16 అధ్యాయాలు చదవండి.