మాట వినని మైకు: పాత కంప్యూటర్లలో లైనక్స్ ధ్వని అమరిక

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరయితే ఎనిమిదో తరానిదో ఆ పైదో కావాలి. అందుచేత చక్కగా నడుస్తున్న కంప్యూటర్లే ఆఫీసుల నుంచి, దుకాణాల నుంచి బయటికి వస్తున్నాయి. వాటిలో కొన్ని దాతల చేతుల మీదుగా మనలాంటి సంస్థల చదువు గదులకు చేరుతున్నాయి. లైనక్స్ ఎక్కిస్తే అవి ఇంకా కొన్నేళ్ళు పిల్లలకు పనికొస్తాయి.

అయితే లైనక్స్ ఎక్కించిన మర్నాడే వచ్చే ఫిర్యాదు ఒకటుంది. "మాస్టారండీ, దీని మైకు పోయిందండి. వేరే కంప్యూటరు అడగాలండి." పాటలు వినిపిస్తాయి, మన మాట మాత్రం లోపలికి వెళ్ళదు. చూపులేని విద్యార్థికి పదో తరగతి సాంఘికశాస్త్రం పాఠాలు చదివి రికార్డు చేసి ఇద్దామనుకున్నచోట ఇది చిన్న ఇబ్బంది కాదు. ఈస్పీక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగును చదివి వినిపిస్తుంది గానీ ఆ యంత్రపు గొంతుతో గంటసేపు పాఠం వినడం కష్టం. మనిషి గొంతు కావాలి. దానికి మైకు కావాలి. నేను చూసినంతవరకు ఇలాంటి యంత్రాల్లో చాలావాటికి మైకు భాగం బాగానే ఉంటుంది, అమరికే సరిగా ఉండదు. కొత్త యంత్రానికి డబ్బు ఇచ్చేముందు దాత ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.

మన డెల్టావాళ్ళకు ఇది చెప్పడం సులువు. ధవళేశ్వరం దగ్గర నీరు నిండుగా ఉన్నా కాలువ లాకులు, పిల్లకాలువ తూము, పొలం గట్టున మడవ అన్నీ తెరిచి ఉంటేనే చేను తడుస్తుంది. ఒక్కటి మూసినా చేను ఎండుతుంది, అది గోదావరి తప్పు కాదు. ధ్వని కూడా అంతే. సాకెట్టులోంచి సౌండు కార్డుకు, అక్కడి నుంచి ఆల్సా అనే పొరకు, దాని మీద పల్స్ ఆడియో లేదా పైప్‌వైర్ అనే పొరకు, చివరికి రికార్డు చేసే సాఫ్ట్‌వేరుకు వెళ్తుంది. ఆల్సాను 1998లో యారొస్లావ్ కిసెలా మొదలుపెట్టారు. 2003 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 2.6తో అదే ప్రధాన ధ్వని వ్యవస్థ అయింది. పైప్‌వైర్ కొత్తది, ఫెడోరా 2021లోనూ ఉబుంటు 2022 అక్టోబరు విడుదలలోనూ దాన్ని ముందు వరుసకు తెచ్చాయి. చరిత్ర ఇంతవరకు చాలు.

మొదట సాకెట్టు చూడండి. డెస్క్‌టాప్ వెనక గులాబి రంగుది మైకుకు, ఆకుపచ్చది స్పీకరుకు, నీలంది లైన్ ఇన్‌కు. సెల్‌ఫోను ఇయర్‌ఫోను పిన్నుకు మూడు నల్ల గీతలు, అంటే నాలుగు భాగాలు ఉంటాయి. గులాబి సాకెట్టు మూడు భాగాల పిన్నుకు చేసినది. ఫోను ఇయర్‌ఫోను అందులో పెడితే మైకు పనిచేయదు. మైకును, వినికిడిని విడదీసే చిన్న వై తీగ కొనుక్కోవాలి. "మైకు పోయింది" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

తరువాత కంప్యూటరుకు ఏ ఏ ధ్వని పరికరాలు కనిపిస్తున్నాయో అడగాలి. టెర్మినల్ తెరిచి, 'ఎ' అక్షరాన్ని 'రికార్డ్' అన్న మాటకు ముందు కలిపి రాసి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, చిన్న 'ఎల్' కొట్టండి. లోపలికి ధ్వని తీసుకోగల కార్డుల పట్టీ వస్తుంది. పట్టీలో ఏమీ లేకపోతే డ్రైవరు సంగతో ఫర్మ్‌వేరు సంగతో చూడాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో లోపలి మైకుకు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ అవసరం కావచ్చు. పట్టీలో పేరుంటే యంత్రం బాగున్నట్టే, ఎక్కడో తూము మూసి ఉంది.

ఆ తూము ఎక్కువసార్లు ఆల్సామిక్సర్‌లో దొరుకుతుంది. ఆ పేరే టెర్మినల్‌లో కొడితే నిలువు పట్టీల తెర వస్తుంది. ఎఫ్6 నొక్కి అసలు సౌండు కార్డును ఎంచుకోండి. మానిటరుకు ధ్వని పంపే హెచ్‌డీఎంఐ కూడా అక్కడ ఒక కార్డుగా కనిపిస్తుంది, దానితో మనకు పని లేదు. ఎఫ్4 నొక్కితే లోపలికి వచ్చే ధ్వని పట్టీలు మాత్రమే ఉంటాయి. 'క్యాప్చర్' అన్న పట్టీ మీదికి వెళ్ళి స్పేస్ మీట నొక్కితే దాని కింద ఎర్ర అక్షరాలు వెలుగుతాయి. అవి వెలగకపోతే గొంతు చించుకున్నా ఏమీ రికార్డు కాదు. పక్కనే ఇన్‌పుట్ సోర్స్ ఉంటే ముందు మైకా, వెనక మైకా, లైనా అని పైకీ కిందికీ బాణాలతో మార్చాలి. మైకు బూస్టు 10 డెసిబెల్ నుంచి మొదలుపెట్టండి. 20 డెసిబెల్ అంటే వోల్టేజీ పది రెట్లు. మాటతో పాటు ఫ్యాను రొదా పదింతలవుతుంది.

ఇంత చేసినా రాకపోతే పైపొర చూడాలి. పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే చిన్న సాఫ్ట్‌వేరు వేసుకోండి, పైప్‌వైర్ ఉన్నచోటా ఇదే పనిచేస్తుంది. చివరి ట్యాబు కాన్ఫిగరేషన్‌లో 'అనలాగ్ స్టీరియో అవుట్‌పుట్' అని ఉంటే మైకు దారే లేదన్నమాట. దాన్ని 'డ్యూప్లెక్స్'గా మార్చాలి. రికార్డింగ్ ట్యాబులో, రికార్డు నడుస్తుండగా చూస్తేనే, ఆ సాఫ్ట్‌వేరు ఏ పరికరం నుంచి తీసుకుంటోందో తెలుస్తుంది. 'మానిటర్ ఆఫ్' అని మొదలయ్యే పేరు ఉంటే కంప్యూటరు తనలో మోగేదాన్నే తాను రికార్డు చేసుకుంటోంది, మీ మాటను కాదు. వెబ్‌క్యామ్ తగిలించి ఉంటే దాని మైకు కూడా వేరే కార్డుగా వచ్చి కూర్చుంటుంది.

సభల్లో ప్రసంగం రికార్డు చేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. యాంప్లిఫైరు స్పీకరు తీగలను కంప్యూటరు మైకు సాకెట్టుకు ఎన్నడూ కలపకండి. చాలా యాంప్లిఫైర్లలో ఆ తీగల మీద 100 వోల్టుల దాకా ఉంటుంది, సౌండు కార్డు అక్కడికక్కడే కాలిపోతుంది. యాంప్లిఫైరు వెనక లైన్ అవుట్ అని ఉన్నదాని నుంచి నీలం సాకెట్టుకు తీసుకోవాలి.

మాట రికార్డుకు ఒకే చానెల్, 16 బిట్లు, సెకనుకు 16,000 నమూనాలు చాలు. నిమిషానికి 1.92 మెగాబైట్లు, అరగంట పాఠానికి 58 లోపే. సీడీ నాణ్యతలో రెండు చానెళ్ళతో చేస్తే అదే పాఠం 317 దాకా పోతుంది, వినేవారికి పెద్ద తేడా ఏమీ ఉండదు. ల్యాప్‌టాపులో 'హుం' అనే మోత వస్తుంటే చార్జరు తీసి చూడండి. మోత ఆగితే అది కరెంటు 50 హెర్ట్జ్ మోత, గది ఎర్తింగు చూపించాలి. ఇదే ఏర్పాటుతో ఇంట్లో నానీమా చెప్పే ఉర్దూ కథలు కూడా రికార్డు చేసి దాచుకోవచ్చు. వాటిని కాగితం మీద ఎవరు రాస్తున్నారు?

ఆల్సామిక్సర్‌లో సరిచేసిన అమరిక మళ్ళీ మొదటికి రాకుండా 'ఆల్సా కంట్రోల్ స్టోర్' ఆదేశాన్ని అడ్మినిస్ట్రేటరు హోదాలో ఒకసారి నడపాలి. సాకెట్టే విరిగిపోయిన యంత్రమైతే యూఎస్‌బీ సౌండు అడాప్టరు తగిలించండి. వేరే డ్రైవరు లేకుండానే లైనక్స్ దాన్ని సాధారణంగా కొత్త కార్డుగా గుర్తిస్తుంది. కార్డు నంబరు బూట్ అయినప్పుడల్లా మారవచ్చు గనుక నంబరుతో కాక పేరుతో ఎంచుకుని, ఆ పేరును చీటీ మీద రాసి మానిటరు అంచుకు అంటించి ఉంచండి.