మర్దన పనికిరాని వాపు

పసిబిడ్డకు నువ్వుల నూనెతో ఒళ్ళు మర్దించి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోయడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. అభ్యంగం వాతహరమనీ, బలకరమనీ శాస్త్రం చెప్పింది. గురుకులంలో నేను మొదట నేర్చిన చికిత్సా అదే. నొప్పి అన్నా, పట్టేసిందన్నా, వాచిందన్నా మన చేయి ముందుగా నూనెగిన్నె మీదికే పోతుంది. అయితే బహు అరుదుగా కొందరు పిల్లలకు ఈ మర్దనే తీరని కీడు చేస్తుంది.

సుమారు ఇరవై యేళ్ళ క్రితం అయిదేళ్ళ బాలుని ఒకనిని నా వద్దకు తీసుకువచ్చారు. మెడ వెనుక, వీపు పైభాగాన వేడిగా, గట్టిగా వాపు. ఆడుకుంటూ పడ్డాడన్నారు. నేను వాతశోథగా భావించి, తైలమర్దనం, స్వేదనం పది రోజులు చేయించాను. ఒక వాపు తగ్గినట్లే తగ్గి పక్కన ఇంకొకటి లేచింది. కొన్ని నెలలలో ఆ బిడ్డ భుజం పైకెత్తలేని స్థితికి వచ్చాడు. వాపు ఉన్నచోట ఎముక ఏర్పడిందని ఎక్స్‌రేలో తేలింది. ఆ పది రోజులలో ఒక్కసారైనా నేను ఆ బాలుని పాదాలు చూడలేదు. చూచి ఉంటే వ్యాధి అక్కడే కనిపించేది.

ఆ వ్యాధి పేరు ఫైబ్రోడిస్ప్లేసియా ఆసిఫికన్స్ ప్రోగ్రెసివా. వైద్యులు క్లుప్తంగా ఎఫ్.ఓ.పి. అంటారు. సుమారు పది లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఇందులో కండరాలు, వాటిని ఎముకలకు బంధించే స్నాయువులు క్రమంగా ఎముకగా మారిపోతాయి. ఇది సున్నం పేరుకోవడం కాదు, మజ్జతో కూడిన అసలైన ఎముకే. దెబ్బ తగిలిన కండను బాగుచేయవలసిన కణాలు దారితప్పి అక్కడ ఎముకను నిర్మిస్తాయి. గుండె, నాలుక, కనుగుడ్లను తిప్పే కండరాలు, ఊపిరికి తోడ్పడే విభాజక పటలం మాత్రం దీని బారిన పడవు. బుద్ధికి ఏ లోపమూ ఉండదు.

అస్థిధాతువు దుష్టి చెందగా కలిగే వికారాలలో అధ్యస్థిని చరకసంహిత పేర్కొన్నది. అంతమాత్రాన ఎఫ్.ఓ.పి.ని మన ప్రాచీనులు ముందే వర్ణించారని నేను చెప్పను. అలా చెప్పడం శాస్త్రానికి గౌరవం కాదు. బీజదోషం వల్ల వచ్చే వ్యాధులను సుశ్రుతుడు ఆదిబలప్రవృత్తాలని వేరుచేశాడు. ఈ వ్యాధి కూడా ఆ కోవలోనిదే. దీనికి మూలం రెండవ క్రోమోజోములోని ఎ.సి.వి.ఆర్.1 అనే జన్యువులో ఉన్నదని 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుగొన్నారు. చాలావరకు తల్లిదండ్రులలో లేని మార్పే బిడ్డలో కొత్తగా వస్తుంది. కనుక కోడలు గ్రహణం చూచిందనీ, ఏదో తినరానిది తిన్నదనీ నిందించే పెద్దలు ఆ మాట మానుకోవాలి.

ఇక గుర్తు సంగతి. దాదాపు ఈ పిల్లలందరికీ పుట్టుకతోనే రెండు కాళ్ళ బొటనవ్రేళ్ళు పొట్టిగా ఉండి, పక్కవ్రేళ్ళ వైపు వంగి ఉంటాయి. వంకర వ్రేలున్న ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి ఉన్నదని బెంగపడనక్కరలేదు. కాని అటువంటి వ్రేళ్ళున్న బిడ్డకు తలమీదగాని, మెడమీదగాని, వీపుమీదగాని వాపు లేస్తే ఆ క్షణమే మర్దన, కాపడం, కట్లు ఆపివేయాలి. సాధారణంగా పదేళ్ళలోపే ఈ వాపులు మొదలవుతాయి. కంతి అని భ్రమపడి ముక్క తీసి పరీక్షిస్తే ఆ గాయమే మరింత ఎముకకు కారణమవుతుంది. పెరిగిన ఎముకను శస్త్రచికిత్సతో తొలగించినా అంతే. కండలోకి ఇచ్చే సూదిమందు, దవడలో ఇచ్చే మత్తుసూది, బిగిసిన కీలును బలవంతంగా వంచడం కూడా ప్రమాదకరమే. టీకాలు ఏవి, ఏ మార్గాన ఇవ్వాలో వ్యాధి తెలిసిన వైద్యుడే నిర్ణయించాలి. ఈ వ్యాధి లేని పిల్లలకు మాత్రం టీకాలు మానరాదు.

ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో హారీ ఈస్ట్‌లాక్ అనే ఆయన అస్థిపంజరం ఉన్నది. 1933లో పుట్టి 1973లో నలభై నిండకుండానే మరణించాడు. చివరికి పెదవులు తప్ప మరేదీ కదిలేది కాదట. తన దేహం పరిశోధనకు ఉపయోగపడాలని ఆయనే కోరుకున్నాడు. మామూలు అస్థిపంజరాన్ని నిలబెట్టాలంటే ఎముకలను తీగలతో కట్టాలి. ఆయనది చాలావరకు తనంతట తానే అతుక్కుని ఉన్నది.

దీన్ని నయం చేసే మందు మన వైద్యంలో లేదు, అల్లోపతిలోనూ లేదు. కొత్త ఎముక ఏర్పడడాన్ని తగ్గించే పాలోవరోటీన్ అనే మందుకు అమెరికా ప్రభుత్వం 2023లో అనుమతి ఇచ్చింది. పిల్లలలో ఎముకల ఎదుగుదలను అది ముందే ఆపివేయవచ్చు కనుక చిన్నపిల్లలకు వాడరు. వాపు లేచిన తొలి గంటలలో కొద్ది రోజులపాటు స్టెరాయిడ్లు ఇచ్చే పద్ధతి ఉన్నది. అది వైద్యుని పని, ఇంటి పని కాదు. గుగ్గులుతోనో భస్మాలతోనో కరిగిస్తామని ఎవరైనా సొమ్ము అడిగితే, వారు నా వంటి వైద్యులే అయినా సరే, నమ్మవద్దు.

అనుమానం ఉంటే రక్తపరీక్షతో జన్యుదోషం తేలుతుంది. సిరనుంచి రక్తం తీయడం వల్ల భయం లేదు. హైదరాబాదులోని నిమ్స్, సి.డి.ఎఫ్.డి. సంస్థలను కేంద్రప్రభుత్వం 2021 నాటి అరుదైన వ్యాధుల విధానంలో విశిష్ట కేంద్రంగా గుర్తించింది. అక్కడికి వెళ్ళేటప్పుడు వీపు వాపుతో పాటు పాదాల ఎక్స్‌రే కూడా తీసుకువెళ్ళండి.