నిజం కూడా కథలాగే ఉంటుంది



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. సంతకం పెడుతున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. మరి ఇంతటితో చదువు అయిపోయిందా? అయిపోలేదు. వాడని కొడవలికి తుప్పు పడుతుంది గదా! చదవని అక్షరం కూడా అంతే. రోజూ కాస్త చదవాలి. రోజూ చదవాలంటే ఆ పుస్తకం మనకు నచ్చాలి.

గ్రంథాలయానికి పోతే మన చెయ్యి ముందు కథల పుస్తకం మీదికే పోతుంది. మంచిదే. పక్క బీరువా కూడా చూడండి. అందులో జీవిత కథలు, యాత్రలు, చరిత్ర, సైన్సు, ఆరోగ్యం పుస్తకాలు ఉంటాయి. అవి కల్పించి రాసినవి కావు. నిజంగా జరిగినవి, నిజంగా ఉన్నవి. “అవి పెద్ద చదువుల వాళ్లకు, మనకెందుకు?” అంటారా? అయితే ఈ మూడు పుస్తకాల సంగతి వినండి.

కాశీయాత్ర చరిత్ర

ఏనుగుల వీరాస్వామి మద్రాసు కోర్టులో దుబాషీ. 1830 మే నెలలో ఆయన కాశీకి బయలుదేరాడు. అప్పటికి మన దేశంలో ప్రయాణికుల రైలు లేదు. అది 1853లో వచ్చింది. ఆయన పల్లకీలో పోయాడు. వెంట చాలామంది నడిచారు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. దారిలో ఏ ఊళ్లో నీళ్లు దొరికాయి, ఏ ఊళ్లో బియ్యం, కూరలు దొరికాయి, ఏ ఏరు ఎట్లా దాటారు – అన్నీ రాసుకున్నాడు. ఆ రాత 1838లో పుస్తకంగా వచ్చింది. మాటలు పాతవి. కొంచెం కష్టం. తెలిసినవాళ్లు పైకి చదివితే అందరూ వినవచ్చు.

రైలుబడి

ఇది జపాను దేశపు పుస్తకం. 1981లో అక్కడ వచ్చింది. తెలుగులోకి కూడా వచ్చింది. టొటొచాన్ అనే పిల్ల బడిలో కుదురుగా కూర్చోదు. కిటికీ దగ్గర నిలబడి వీధిలో పాటగాళ్లను పిలుస్తుంది. ఆ బడివాళ్లు ఆమెను పంపించేశారు. తల్లి ఇంకో బడికి తీసుకుపోయింది. అక్కడ పాత రైలు పెట్టెలే తరగతి గదులు! అక్కడి పెద్దసారు ఆ పిల్ల మాటలు నాలుగు గంటలు ఓపికగా విన్నాడు. 1945లో, యుద్ధంలో, బాంబులు పడి ఆ బడి కాలిపోయింది. ఆ పిల్లే పెద్దయి ఈ పుస్తకం రాసింది. ఆమె పేరు తెత్సుకో కురోయానాగి. “మా పిల్ల మాట వినదు” అనే తల్లి ఈ పుస్తకం తప్పక చదవాలి.

నిర్జన వారధి

ఇది కొండపల్లి కోటేశ్వరమ్మ తన బతుకు గురించి తానే రాసిన పుస్తకం. ఆమె 1918లో పామర్రులో పుట్టింది. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు. చిన్నతనంలోనే వితంతువు అయింది. తరువాత మళ్లీ పెళ్లి చేసుకుంది. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసింది. పాటలు పాడింది. రహస్యంగా దాగి బతికింది. కొంతకాలానికి భర్త ఆమెను వదిలి వెళ్లాడు. ముప్పై ఏళ్లు దాటాక ఆమె మళ్లీ చదువు మొదలుపెట్టింది. కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన కాళ్ల మీద తాను నిలబడింది. కొడుకునూ కూతురినీ పోగొట్టుకుంది. అయినా బతుకు మీద ఆశ పోగొట్టుకోలేదు. పుస్తకం 2012లో వచ్చింది. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. 2018లో, నూరేళ్ల వయసులో కన్నుమూసింది.

ఈ వయసులో మనకు చదువేమిటి అనే మాటకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

ఎట్లా చదవాలి?

నిజాల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచే చదవాలని లేదు. ముందు విషయసూచిక చూడండి. నచ్చిన పాఠం తీయండి. రోజుకు రెండు పేజీలు చాలు. తెలియని మాట వస్తే ఆగిపోకండి. ముందుకు పోతే అర్థం తెలుస్తుంది. నలుగురు కూర్చుని ఒకరు చదివి ముగ్గురు వింటే ఇంకా బాగుంటుంది. పుస్తకం నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి. ఇంకొకటి తెచ్చుకోండి. తప్పేమీ లేదు.

గ్రంథాలయంలోకి పోవడానికి మొహమాటం వద్దు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. అది మన డబ్బు. అది మన గ్రంథాలయం. “జీవిత కథలు ఎక్కడున్నాయి? యాత్రల పుస్తకాలు ఎక్కడున్నాయి?” అని ధైర్యంగా అడగండి. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని అడగండి.

కొత్త మాటలు
దుబాషీ – ఒక భాషలోని మాటను ఇంకో భాషలో చెప్పేవాడు
విషయసూచిక – పుస్తకంలో ఏ పాఠం ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక
వారధి – వంతెన

చెప్పండి
1. వీరాస్వామి కాశీకి రైలులో ఎందుకు పోలేదు?
2. టొటొచాన్‌ను మొదటి బడి నుంచి ఎందుకు పంపించారు?
3. ఈ మూడింటిలో మీరు ముందు ఏది చదువుతారు? ఎందుకు?

రాయండి
మీ అమ్మ గానీ, అమ్మమ్మ గానీ, మీరు గానీ చేసిన ఒక ప్రయాణం గురించి ఐదు వాక్యాలు రాయండి. జరిగింది జరిగినట్టు రాయండి. అదీ నిజాల పుస్తకమే. మీరు రాసిన పుస్తకం.